ఎర్రకొమ్ముల దాపటెద్దు

నా చిన్నప్పుడు మా ఊళ్లో పోలీసు స్టేషను లేదు గానీ పశువులకు మాత్రం ఒక జైలు ఉండేది. దాన్ని బందెలదొడ్డి అనేవాళ్ళు. ఎవరి చేలోనో పడి మేసిన గేదెనీ, దిక్కూమొక్కూ లేక తిరుగుతున్న ఆవునీ పట్టుకొచ్చి అందులో తోలేవారు. సొంతదారు వచ్చి పంచాయతీకి జరిమానా కట్టి విడిపించుకోవాలి. ఎవరూ రాకపోతే చుట్టుపక్కల ఊళ్ళలో టముకు వేయించి, కొన్నాళ్ళు చూసి, వేలం పాడేసేవారు. మాది చల్లపల్లి దగ్గర, పంటకాలవకీ కృష్ణ కరకట్టకీ మధ్య ఇరుక్కుని కూర్చున్న ఊరు. నాలుగు మట్టిగోడలు, సగానికి తాటాకు కప్పు, నా జానెడు పొడుగు తాళంచెవి ఉన్న పెద్ద తాళం, ఇవీ మా ఊరి జైలు హంగులు.

ఆ దొడ్డిని చూసుకునేది ఒక ముసలావిడ. ఆవిడ భర్త అక్కడే కాపలా పని చేసి చనిపోతే పంచాయతీ వాళ్ళు ఆ పని ఆవిడకే ఉంచేశారు. ఊరంతా దొడ్డి మామ్మ అనేవారు, మేమూ అలాగే పిలిచేవాళ్ళం. ఆవిడకు మోకాళ్ళ నొప్పులు. ఆదివారం తెల్లచీర కట్టుకుని, గుడ్డసంచిలో బైబిలు పెట్టుకుని పక్కూరి చర్చికి బయల్దేరితే మైలు దూరానికి గంట పట్టేది. నోటికి మాత్రం ఆ నొప్పులు లేవు. ప్రెసిడెంటుగారి దగ్గర్నుంచి పాలేరు దాకా ఎవరినైనా ఒకే గొంతుతో కడిగేసేది.

జరిమానా తప్పించుకోవడానికి మా ఊరి పెద్దమనుషులు వేసే వేషాలు చూడాలి. సాయంత్రం అటుగా షికారుకొచ్చినట్టు వచ్చి, గోడ మీంచి తొంగి చూసి, ‘ఈ గేదె ఎవరిదో పాపం’ అనేవారు. ఆ గొంతు వినగానే ఆ గేదె తాడు తెంచుకునేంత పనిచేసి ఆయన వైపు అరుస్తూ పరిగెత్తేది. మామ్మ పకపకా నవ్వేది. ‘మనిషికి అబద్ధం చెప్పడం వచ్చు గానీ గేదెకి రాదు బాబూ, ఇక రసీదు రాయించుకోండి’ అనేది. పశువుల ముందు పరువు పోగొట్టుకున్న మనుషుల్ని నేను అక్కడ చూసినంతగా ఇంకెక్కడా చూడలేదు.

మేము ముగ్గురం పిల్లలం ఆ దొడ్డికి రోజూ వెళ్ళేవాళ్ళం. నేను అయిదో క్లాసు, మా తమ్ముడు రెండో క్లాసు, మా పక్కింటి అక్కకి పదమూడేళ్ళు. అక్కే మా నాయకురాలు. అక్క నూతిలో దూకమన్నా నేను దూకేదాన్ని. మొదట్లో మేము గోడెక్కి కూర్చుని ‘అయ్యో పాపం, అయ్యో పాపం’ అంటుంటే మామ్మ చూసి, జాలిపడేవాళ్ళు గోడ మీద ఉండండి, పనిచేసేవాళ్ళు లోపలికి రండి అంది. దిగాం. కాలవ నించి బిందెలతో నీళ్ళు మొయ్యడం, గట్టు మీద గడ్డి కోసుకురావడం, పశువుల చెవుల్లో దాక్కున్న గోమార్లు ఏరడం, పేడ ఎత్తడం మా పనులయ్యాయి. ఇంట్లో చీపురు పట్టుకోమంటే కడుపునొప్పి తెచ్చుకునే నేను అక్కడ రెండు చేతులతో పేడ ఎత్తేదాన్ని. మా అమ్మకి ఈ సంగతి చాలా ఆలస్యంగా తెలిసింది, తెలిసిన రోజున నా వీపు బాగా మోగింది. అయినా మానలేదు. మామ్మకి మా మీద ఎంత నమ్మకం కుదిరిందంటే, ఆదివారం చర్చికి వెళ్తూ ఆ జానెడు తాళంచెవి మా చేతికే ఇచ్చి వెళ్ళేది.

ఆ ఏడు శ్రావణంలో కృష్ణ పొంగింది. కరకట్ట మీద మనుషులు రాత్రీ పగలూ కాపలా కాశారు. నీళ్ళు తీశాక కట్ట దిగువన తుమ్మపొదల్లో చిక్కుకుని ఉన్న ఒక తెల్ల ఎద్దును ఎవరో తోలుకొచ్చి దొడ్డిలో వదిలారు. ఒళ్ళంతా బురద. భుజం మీద పుండు. మెడలో బాగా నలిగిపోయి, మురిగి కంపు కొడుతున్న తాడు. మనిషి దగ్గరకి వెళ్తే బెదిరేది కాదు, పొడవబోయేది కాదు, అరిచేది కూడా కాదు. నాకు ఆ ఎద్దు అరవకపోవడమే చాలా బాధగా ఉండేది.

దాన్ని ఎవరూ అడగడానికి రాలేదు. వచ్చే శుక్రవారం వేలం అని గుమాస్తా చెప్పి వెళ్ళాడు. అప్పటికే ఒక బేరగాడు రెండుసార్లు వచ్చి గోడ మీంచి చూసి వెళ్ళాడు. రైతు అయితే పళ్ళు చూస్తాడు, వాడు తొడలు చూశాడు అంది మామ్మ. తమ్ముడికి అర్థం కాలేదు. అక్కకీ నాకూ అర్థమైంది. వాడు పశువుల్ని కబేళాకి తోలతాడని ఊళ్ళో అందరికీ తెలుసు. 

అక్క ఒక ఉపాయం చెప్పింది. ఎద్దు ఇలా బురదకొట్టుకుపోయి, కంపు కొడుతూ ఉంటే మంచి రైతు ఎవడు కొంటాడు? సంక్రాంతికి గంగిరెద్దును చేసినట్టు దీన్నీ ముస్తాబు చేద్దాం, ఎవరో ఒకరు ముచ్చటపడి బేరగాడి కన్నా ఎక్కువ పాడతారు అంది. అంత గొప్ప ఆలోచన భూమి మీద ఇంకెవరికీ వచ్చి ఉండదని నాకనిపించింది. ఆదివారం మామ్మ చర్చికి వెళ్ళగానే తాళం తీసి పనిలోకి దిగాం. ఎద్దును కాలవకి తోలుకెళ్ళి కొబ్బరిపీచుతో ఒళ్ళు రుద్దాం. గిట్టల సందుల్లో కూడా పుల్ల పెట్టి శుభ్రం చేశాం. మురిగిన తాడును అక్క కొడవలితో కోసి, కర్రతో ఎత్తి, ముక్కు మూసుకుని కాలవలోకి విసిరేసింది. మా ఇంట్లో కిటికీలకు వెయ్యగా మిగిలిన ఎర్రరంగు డబ్బా నేను దొంగతనంగా పట్టుకొచ్చాను. నల్లటి కొమ్ముల్ని గాజుపెంకుతో గీకి, మొదటి నుంచి చివరిదాకా ఎర్రగా వేశాం. కొత్త కొబ్బరితాడు కట్టాం. తమ్ముడు బంతిపూలు గుచ్చిన దండ వేశాడు. దూరంగా నించుని చూసుకుంటే మా కళ్ళకే దిష్టి తగిలేలా ఉంది.

సరిగ్గా అప్పుడు టముకు వేసే ఆయన సైకిలు మీద వచ్చాడు. ప్రతిసారీ సోమవారం వచ్చేవాడు, ఆ సోమవారం వాళ్ళింట్లో పెళ్ళి ఉండి ముందురోజే వచ్చేశాడు. గోడ మీంచి చూసి ‘తెల్ల ఎద్దు, ఎర్రకొమ్ములు’ అని తనలో తను రెండుసార్లు అనుకుని, డప్పు సైకిలు హ్యాండిలుకి తగిలించుకుని ఊళ్ళ మీద పడ్డాడు. మేము చెయ్యి ఊపి సాగనంపాం కూడా.

మామ్మ మధ్యాహ్నం వచ్చింది. మేము ఆవిడ ముఖంలోకి చూస్తూ మెప్పు కోసం నిలబడ్డాం. ఆవిడ ఎద్దును చూసింది, కొమ్ముల్ని చూసింది, మెడను చూసింది. బైబిలు సంచి గోడకి తగిలించి గుమ్మంలో కూలబడింది.

‘‘తాడేదర్రా?’’ అంది.

కాలవలో పారేశామని తమ్ముడు హుషారుగా చెప్పాడు. తిడుతుందేమో అనుకున్నాం. తిట్టలేదు. ఆవిడ తిట్టకపోతే మాకు భయం. మెల్లగా చెప్పింది. ఆ తాడు బజార్లో కొన్నది కాదట. ఎవరో ఇంటి ఆడమనిషి మెత్తగా ఉంటుందని పాత చీర ఆకుపచ్చ అంచు చింపి, నారతో కలిపి పేనిన తాడట. రేపు టముకాయన వస్తే ఆ తాడు అతని చేతికిచ్చి, ఊరూరా చూపించమని పంపుదామనుకుందట. ఆ అంచు చూస్తే చాలు, కట్టినావిడ కిలోమీటరు దూరం నించి పోల్చుకుంటుంది అంది.

‘‘మీరు దీనికి ఇల్లు లేదనుకున్నారు. ఇల్లు దాని మెడలోనే ఉందే. మీరు కోసి పారేశారు.’’

ఆ మాటకి అక్క ఏడ్చేసింది. అక్క ఏడవగలదని నాకు అంతవరకు తెలియదు. నేను కాలవ గట్టు వెంట పిచ్చిదానిలా పరిగెత్తాను. కిందివైపు తూము దాకా వెళ్ళి తూటికాడల్లో చేతులు పెట్టి వెతికాను. నీళ్ళు కదా, నా కోసం ఆగుతాయా! తిరిగొచ్చేసరికి ఇంకో సంగతి కూడా తలకెక్కింది. టముకాయన ఊళ్ళన్నీ తిరిగి ఎర్రకొమ్ముల ఎద్దు అని కేకేస్తున్నాడు. నల్లకొమ్ముల ఎద్దును పోగొట్టుకున్నవాడు ఆ కేక విని, మనది కాదులే అనుకుని ఇంట్లో కూర్చుంటాడు. దాన్ని బతికిద్దామని రంగు వేసి, దాని చావుకి మేమే దారి వేశాం. ఈ ముక్క ఎవరూ నాకు చెప్పలేదు, నాకే తట్టింది. మళ్ళీ టముకు వేయిద్దామంటే తెల్లారితే ఆయనింట్లో పెళ్ళి.

ఏడుపు అయ్యాక మామ్మ మమ్మల్ని దొడ్డి గోడవారగా వరసన కూర్చోబెట్టింది. తాడు పోయింది గానీ ఎద్దు ఉందిగా, అదే చెప్తుంది, నోరు మూసుకుని చూడండి అంది. గడ్డి వెయ్యొద్దు, ఒళ్ళు నిమరొద్దు, ‘పాపం’ అనొద్దు, ఊరికే చూడమంది. పదేళ్ళ పిల్లకి అంతకన్నా పెద్ద శిక్ష లేదు. దోమలు కుడుతున్నాయి, తమ్ముడు నా భుజం మీద నిద్రపోయాడు. ఎద్దు నిలబడి ఉంది. ఏం చూడాలో నాకు అర్థం కాలేదు.

చాలాసేపటికి ఒకటి కనిపించింది. దొడ్డిలో ఎటు కదిలినా ఆ ఎద్దు తిరిగొచ్చి గోడని ఎడమపక్కన పెట్టుకుని నిలబడుతోంది. కుడిపక్కన ఎద్దు పట్టేంత జాగా వదులుతోంది. మామ్మ లేచి దాని ముందు ఎండుగడ్డి మోపు విప్పి పరిచింది. ఎద్దు ఎడమ సగం తింది. కుడి సగం ముట్టుకోలేదు. కాసేపు ఆగి తల కుడివైపు తిప్పి చూసింది. మళ్ళీ ముందుకి తిప్పుకుంది.

‘‘మామ్మా, అది ఎవరికో అట్టే పెడతంది’’ అన్నాను.

మామ్మ నా నెత్తి మీద ఒక్కటి మొట్టింది. ఆవిడ మెచ్చుకోవడం అలాగే ఉండేది. కాడికి ఎడమపక్క కట్టేది దాపటెద్దు, కుడిపక్క కట్టేది వెలపటెద్దు. దూడప్పటి నించీ ఒకే జత కట్టిన ఎద్దులు పక్కలు మారవట. ఇది దాపటెద్దు. ఏళ్ళ తరబడి కుడిపక్కన జోడు ఉండి ఉంటుంది, ఆ జాగా ఇంకా దానికి వదులుతోంది అంది. ఎక్కడో ఒక ఊళ్ళో ఒక వెలపటెద్దు కూడా ఎడమపక్కన ఖాళీ పెట్టుకుని నిలబడి ఉంటుంది, వెతకాల్సింది దాన్ని అంది.

అప్పుడు అక్క కళ్ళు తుడుచుకుని, గిట్టలు కడిగినప్పుడు సన్న ఇసక రాలిందని చెప్పింది. మా ఊరంతా నల్లరేగడి. ఇసక ఉండేది ఏటి మధ్యనున్న లంక ఊళ్ళలో. మామ్మ ఒక్కసారిగా నిటారుగా కూర్చుంది. లంక ఎద్దయితే వరదలో కొట్టుకొచ్చింది, దాని వాళ్ళు చచ్చిపోయిందనుకుని ఉంటారు, అందుకే రాలేదు. ఎద్దు పోయిందా అని అడక్కండి, పోయిన ఎద్దును మర్చిపోవాలని చూస్తారు జనం, మీ ఊళ్ళో ఒంటెద్దు ఎవరింట్లో ఉందని అడగండి అని మాకు నేర్పింది.

సోమవారం నించి బడి వదలగానే మేము కరకట్ట దాటి రేవుకి పరిగెత్తేవాళ్ళం. లంకల నించి పడవల మీద అరటిగెలలు, పెరుగు కుండలు, కూరగాయలు వచ్చేవి. దిగిన ప్రతి మనిషినీ ‘మీ ఊళ్ళో ఒంటెద్దు ఉందాండీ’ అని అడిగేవాళ్ళం. జనం నవ్వారు. ఒక పడవాయన, ఒంటెద్దు సంగతి తెలీదు గానీ ఒంటి గాడిద ఉందమ్మా, పెళ్ళి కాక ఇదిగో తెడ్డేస్తన్నాను అన్నాడు. సోమవారం పోయింది, మంగళవారం పోయింది. బుధవారం వాన, పడవలే రాలేదు. గురువారం పొద్దుగూకే వేళకి నా గొంతు బొంగురుపోయింది. అక్క రేవు గట్టు మీద కూలబడిపోయింది.

ఆఖరి పడవలోంచి అరటాకుల కట్టలు నెత్తిన పెట్టుకుని ఒకావిడ దిగింది. నా ప్రశ్నకి ఆగింది. తమ ఎదురింటివాళ్ళకి ఒక్క ఎద్దే మిగిలిందనీ, జోడు ఎద్దు వరదలో పోయిందనీ చెప్పింది. నేను అక్క చెయ్యి పట్టుకున్నాను. అంతలోనే ఆవిడ తల అడ్డంగా ఊపింది.

‘‘మీ ఊరోళ్ళు టముకేసింది ఎర్రకొమ్ముల ఎద్దుకి గదమ్మా! అది మేమూ ఇన్నాం. వాళ్ళది నల్లకొమ్ములు’’ అని నడిచింది.

అక్క నా వైపు చూసింది. ఇప్పటికీ నాకు తప్పు ఒప్పుకోవడమంటే ఒళ్ళు మంట. ఆ రోజు మాత్రం పరిగెత్తుకెళ్ళి ఆవిడ దారికి అడ్డం నిలబడ్డాను. ‘‘ఆ ఎరుపు మేమే వేశామండీ. తప్పయిపోయిందండీ. కొమ్ములు నల్లవేనండీ. మెడలో తాడుకి ఆకుపచ్చ చీరంచు ఉందండీ, అదీ మేమే పారేశామండీ’’ అని ఒక్క ఊపిరిలో చెప్పేశాను.

ఆకుపచ్చంచు అనేసరికి ఆవిడ నెత్తి మీది కట్టలు దించేసింది. కళ్ళు పెద్దవి చేసి నన్ను చూసింది. వేలం రేపు పొద్దున్నే అని అక్క చెప్పింది. ఆవిడ కట్టలు ఒడ్డునే వదిలి, కదిలిపోతున్న పడవని కేకేసి ఆపి ఎక్కేసింది. ఆ ఆకుల్ని నేనూ అక్కా మోసుకెళ్ళి ఆవిడ రోజూ ఇచ్చే హోటల్లో అప్పజెప్పాం.

శుక్రవారం పొద్దున బడికి వెళ్తూ దొడ్డిలో నీళ్ళు పొయ్యడానికి వెళ్ళాను. లంక నించి ఎవరూ రాలేదు. మొదటి బల్లకట్టు దాటేసరికే పది దాటుతుంది, వేలం తొమ్మిదికి. మామ్మ దొడ్డికి తాళం వేసి, తాళంచెవి నా పుస్తకాల సంచిలో పడేసింది.

‘‘బడికెళ్ళి బుద్ధిగా చదువుకో. ఎవరన్నా వచ్చి పిలిస్తే రా. రావడం మాత్రం నాలాగ నడిచి రా’’ అంది.

నాకు సగమే అర్థమైంది. బడిలో కూర్చున్నాను గానీ ఒళ్ళో ఆ ఇనప ముక్క తప్ప ఇంకేమీ తెలియలేదు. ఆ రోజు బడి ఎగ్గొట్టి అక్కడే ఉన్న అక్క తర్వాత చెప్పగా విన్నాను, ప్రెసిడెంటుగారు, గుమాస్తా, బేరగాడు అందరూ దొడ్డి దగ్గర చేరారట. తాళం తియ్యమంటే మామ్మ చేతులు కట్టుకుని నిలబడి, ‘‘తాళంచెవి పిల్ల దగ్గరుందండీ. పిల్ల బడికెళ్ళిందండీ’’ అందట. రెండూ నిజాలే. ఆవిడ అబద్ధమాడేది కాదు. గుమాస్తాకి అరికాలి మంట నెత్తికెక్కినా చేసేదేమీ లేక బంట్రోతుని బడికి తోలాడు. మా మాస్టారు లెక్కల మధ్యలో పిల్లని పంపనన్నారు. లెక్కలంటే నాకు ప్రేమ పుట్టింది ఆ ఒక్కరోజే.

చివరికి నన్ను పంపారు. నేను మామ్మలాగ నడిచాను. రెండడుగులు వేసి మోకాలు పట్టుకున్నాను. నాలుగడుగులు వేసి కాల్లో ముల్లు తీసుకున్నాను, మళ్ళీ రెండో కాల్లో తీసుకున్నాను. ఈ ఊళ్ళో ముళ్ళన్నీ నీకే గుచ్చుకుంటాయేం అని బంట్రోతు మొత్తుకున్నాడు. కాలవ వంతెన ఎక్కేసరికి నా దగ్గర ఇంక ముళ్ళు అయిపోయాయి. ఏం చెయ్యాలో తోచక కరకట్ట వైపు చూశాను.

కట్ట దిగి ఒక మనిషి వస్తున్నాడు. వెనక ఇద్దరు ఆడవాళ్ళు, ఒకరు నిన్నటి అరటాకులావిడ. మనిషి చేతిలో తాడు, తాడు చివర తెల్ల ఎద్దు. నల్లకొమ్ములు. మెడలో ఆకుపచ్చంచు కలిపి పేనిన తాడు. నేను అరువు తెచ్చుకున్న మామ్మ మోకాళ్ళు అక్కడితో బాగుపడ్డాయి. ఆ వంతెన మీంచి దొడ్డిదాకా నేను పరిగెత్తిన పరుగు ఊళ్ళో చాలాకాలం చెప్పుకున్నారు.

దొడ్డి ముందు వాదన మొదలైంది. ఇప్పుడొచ్చి మాదంటే ఎలా, గుర్తులేవీ అన్నాడు గుమాస్తా. నేను తాళం తీశాను. లంక రైతు లోపలికి చూసి ఒక్క క్షణం తటపటాయించాడు. నిజం చెప్పాలంటే ఆయనకే అనుమానం వచ్చింది, మేము వేసిన ఎరుపు అలా ఉంది. తాడు పోయిందన్నారు, కొమ్ములు మారాయన్నారు, మా దగ్గర ఇంకేం రుజువుందండీ, అందుకే దీన్ని తోలుకొచ్చాం అన్నాడు. అని చేతిలోని తాడు వదిలేశాడు.

వెలపటెద్దు ఎవరినీ చూడలేదు. గుమ్మం దాటి, బేరగాణ్ణి భుజంతో పక్కకి తోసి, ఇన్నాళ్ళూ ఖాళీగా ఉన్న చోటికి, ఎర్రకొమ్ముల ఎద్దు కుడిపక్కకి వెళ్ళి నిలబడింది. రెండింటి భుజాలూ ఆనుకున్నాయి. దాపటెద్దు అప్పుడు, వచ్చిన పదిహేను రోజుల్లో మొదటిసారి, అరిచింది. వెలపటెద్దు తల వంచి, ముందున్న గడ్డిలో మిగిలిన కుడి సగం తినడం మొదలుపెట్టింది.

 ముందుగా నోరు తెరిచింది బేరగాడే. తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, ‘‘నేను పాడనండీ. జత విడగొట్టిన పాపం నాకెందుకు’’ అని వెళ్ళిపోయాడు. గుమాస్తా తల గోక్కుని, రసీదు పుస్తకం తీసి రైతు పేర జరిమానా రాశాడు. రైతు భార్య ఎద్దు మెడ పట్టుకుని ఏడుస్తూ, కొమ్ములు చూసి నవ్వుతూ, మళ్ళీ ఏడుస్తూ ఉంది. మామ్మ ఆవిడ ముందు మమ్మల్ని నిలబెట్టి ఈ ముస్తాబు చేసిన గొప్పవాళ్ళు వీళ్ళే అంది. నేను తల దించుకున్నాను. ఆవిడ నా గడ్డం పట్టుకుని పైకెత్తింది.

‘‘రంగింకా ఉందా?’’ అంది. ‘‘ఉంటే రెండోదానికీ వెయ్యి. జతన్నాక ఒకలా ఉండొద్దూ!’’

డబ్బాలో అడుగున గట్టిపడిపోయినదాన్ని కిరసనాయిలు పోసి కలిపి, నేనూ అక్కా వెలపటెద్దు కొమ్ములకి వేశాం. గీకకుండా వేశాం, ఆవిడ్ని అడిగి అడిగి వేశాం. మిట్టమధ్యాహ్నం నాలుగు ఎర్రకొమ్ములు మా ఊరి వీధిలోంచి నడిచి వెళ్తుంటే, పీటలెక్కబోయే పెళ్ళికొడుకుని కూడా జనం అలా చూసి ఉండరు. బడిలోంచి జారుకుని వచ్చిన తమ్ముడు ముందు డబ్బా వాయిస్తూ నడిచాడు. బడి పిల్లలంతా కిటికీలకి వేలాడారు. మా మాస్టారు లెక్కలు ఆపేశారు. రేవు దాకా వెళ్ళి, బల్లకట్టు అవతలి ఒడ్డు చేరేదాకా అరిచాం. మామ్మ కూడా కరకట్ట ఎక్కింది. ఎలా ఎక్కిందో, ఆ మోకాళ్ళతో.

తర్వాత నేను నర్సునయ్యాను. బెజవాడ ఆసుపత్రుల్లో ముప్పై ఏళ్ళు చేశాను. ఊరూ పేరూ చెప్పలేని స్థితిలో ఎవరినైనా తీసుకొస్తే, అందరూ ముందు ఆ మాసిన బట్టలు తీసి అవతల పారేద్దామనేవారు. నేను కొంగుముళ్ళు విప్పి చూసేదాన్ని, చొక్కా మీద దర్జీ పేరు చూసేదాన్ని, కాసేపు ఊరికే పక్కన కూర్చునేదాన్ని. అలా ఇళ్ళు చేరినవాళ్ళు కొందరున్నారు. ఈ మాట గర్వంగానే చెప్తున్నాను.

ఇప్పుడు మా మనవరాలు, దాని క్లాసు పిల్లలు మైలవరం రోడ్డులో దిక్కులేని కుక్కల్ని చేరదీసే ఒక షెల్టరుకి ఆదివారాలు వెళ్తున్నారు. నన్నూ కారెక్కించుకుపోతారు. పిల్లలు షాంపూలు, రిబ్బన్లు, పాత దుప్పట్లు తెస్తారు. బంగారంలాంటి పిల్లలు. పోయిన నెల ఒక ముసలి కుక్క వచ్చింది. మెడలో జిడ్డుకారుతున్న దారం. మా మనవరాలు ‘ఛీ, పాపం’ అంటూ కత్తెర తీసింది. నేను చెయ్యి పట్టుకున్నాను. పిల్లలందర్నీ గోడవారగా కూర్చోబెట్టి, ఫోన్లు సంచిలో పెట్టించి, చూడమన్నాను. అరగంటకి వాళ్ళే కనిపెట్టారు, బయట తోపుడుబండి చక్రాల చప్పుడైతే చాలు, ఆ కుక్క లేచి బండికి ఎడమపక్కన నడవడానికన్నట్టు గేటు దగ్గర నిలబడుతోంది. ఆ తర్వాత రెండు ఆదివారాలు వన్ టౌన్ సందుల్లో బండ్లవాళ్ళని అడుక్కుంటూ తిరిగాం. కుక్క పోయిందా అని అడగలేదు, కుక్క లేకుండా తిరుగుతున్న బండి ఎవరిదని అడిగాం. మూడో సందులో ఒక ఉల్లిపాయల ఆయన బండి అక్కడే వదిలేసి మా కారెక్కాడు.

ఆ రోజు మా మనవరాలి చేతిలోంచి తీసుకున్న కత్తెర నా హ్యాండుబ్యాగులోనే ఉండిపోయింది. ప్రతి ఆదివారం షెల్టరు గేటు దగ్గర ఆ పిల్ల దాన్ని అడుగుతుంది. ముందు కూర్చుని చూడు, తర్వాత ఇస్తాను అంటాను.